సంచిలో తల పెట్టి చూసే ఆయన

నా వీపు సంచి మళ్లీ చిరిగింది. ఈ ఉద్యోగంలో చేరాక ఇది నాలుగోది. లంకకి వెళ్లే పడవ ఎక్కుతుంటే అడుగు కుట్టు ఊడిపోయి చాపా, దుప్పటీ, దీపం బుడ్డీ అన్నీ కలిసి రేవు బురదలో పడ్డాయి. పడవవాడు నవ్వాడు. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. నెలకి ఇరవై రోజులు కాలినడకన తిరిగేవాడికి ప్రతిదానికీ కోపం తెచ్చుకునే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? అన్నీ ఏరుకుని తువ్వాలులో మూటకట్టి, ఆ క్యాంపు ఎలాగో ముగించి ఏలూరు వచ్చాను. మర్నాడు సంచుల కొట్టుకి వెళ్లాను.

నేను మశూచికి టీకాలు వేసే ఉద్యోగిని. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా కొల్లేటి లంకల్లో తిరుగుతాను. మా ఆఫీసులో దీన్ని క్యాంపు అంటారు. వినడానికి దొరలు వేటకి వెళ్లినట్టుంటుంది. అసలు సంగతేమిటంటే పక్కబట్టలు, బియ్యం, గిన్నె, దోమతెర, రిజిస్టర్లు, వీటన్నిటి మధ్య మద్రాసు నుంచి టపాలో వచ్చే టీకామందు, ఇదంతా వీపున వేసుకుని గట్ల మీద నడవడం, గట్టు లేనిచోట మొలలోతు నీళ్లలో దిగడం, ఏ అరుగు మీద చోటిస్తే అక్కడ నడుం వాల్చడం. అంచేత సంచి పెద్దదై ఉండాలి, గట్టిదై ఉండాలి, మా జీతానికి అందేదై ఉండాలి. ఈ మూడూ ఒక్క సంచిలో దొరకవు. ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

"ఏవండీ, చాన్నాళ్లకి!" అన్నాడు కొట్టాయన. "పెద్దది కావాలాండీ, మధ్యరకం చూపించమంటారా?"

"పెద్దదేనండి. చవగ్గా ఉండాలి."

"అందరూ అడిగేది అదేనండి," అని నవ్వి నాలుగు సంచులు తీసి నా ముందు పడేశాడు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అనిపించింది నాకు. చేతికందినది తీసుకుని పోదామని చెయ్యి చాపాను. అప్పుడాయన ఒక సంచి మీద దుమ్ము దులుపుతూ అన్నాడు: "మీతో వచ్చేవారు చూడండి, సంచిలో తల పెట్టి చూసేవారు ఒకాయన. ఆయన పోయారటండి, గూడెంలో. రెండు నెలలైందట. మీకు తెలిసే ఉంటుంది లెండి."

నాకు తెలియదు. ఎనిమిదేళ్లు ఎవరి వెనకాల నడిచానో ఆ మనిషి పోయిన సంగతి నాకు సంచుల కొట్లో తెలిసింది. బల్ల మీద కూలబడ్డాను. కొట్టాయన పాపం, మంచినీళ్లు తెప్పించాడు.

ఆయన నాకంటే పాతికేళ్లు పెద్ద. నేను చేరేనాటికే కొల్లేటి చుట్టూ ఆయన కాళ్లు తొక్కని గట్టు లేదు. గూడెంలో చర్చి వెనక సందులో ఇల్లు. పొట్టి మనిషి. వీపు మీద సంచి ఉన్నా లేకపోయినా కాస్త ముందుకు వంగే నడిచేవారు. ఆదివారం చర్చికి తెల్లబట్టలు కట్టుకుని వెళ్లేటప్పుడు కూడా అదే వంపు. లేని బరువుని కూడా మోస్తున్నాడేమిటీ మనిషి అనుకునేవాణ్ణి.

ఆయనతో సంచి కొనడానికి వెళ్లడమంటే నాకు తలవంపులు. కొట్లోకి వెళ్లగానే బల్ల మీద కాదు, నేల మీద కూర్చునేవారు. సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు బొటనవేళ్లతో కుట్టు దగ్గర లాగేవారు. వాసన చూసేవారు. కింద పెట్టి దాని మీద కూర్చునేవారు. అంతవరకూ ఎవరైనా చేస్తారు, పోనీ. ఆ తరవాత చుట్టూ ఒకసారి చూసి, "ఒక్క నిమిషమండి, ఏమీ అనుకోకండి," అని సంచి నోరు తెరిచి భుజాలదాకా తల అందులో దూర్చి, నోటిని రెండు చేతులతో మెడ చుట్టూ బిగించి పట్టుకునేవారు. అలా ఉండి లోపల్నుంచి చర్చి పాట ఒకటి సన్నగా అందుకునేవారు. రెండు చరణాలు పూర్తిగా పాడేవారు. బజారు బజారంతా ఆగి చూసేది. ఒకసారి ఒక ముసలమ్మ, "ఎవరికైనా ఫిట్సొచ్చాయాండీ?" అని కంగారుగా అడిగింది. నేను ఎదురుగా ఉన్న గాజుల కొట్టు వైపు తిరిగి నిలబడేవాణ్ణి.

రెండో చరణం అయ్యాక తల బయటికి తీసి మొహం తుడుచుకుని తీర్పు చెప్పేవారు. "ఉడికిస్తుందండి" అంటే ఆ సంచి వద్దని. "పరవాలేదండి" అంటే ఇంకో కొట్టు చూద్దామని. ఏలూరు బజార్లో సంచులన్నిటిలోనూ తల పెట్టి, ఏదీ కొనకుండా, ప్రతి కొట్టాయనకీ నమస్కారం పెట్టి వచ్చేసేవారు. చివరికి గూడెంలో రైసుమిల్లు దగ్గర రెండు గోనెసంచులు తెచ్చుకుని, ఒకదానిలో ఒకటి దూర్చి, మంచాల నవారుతో భుజాలకి పట్టీలు కుట్టించుకునేవారు. అదీ ఆయన వీపు సంచి. ఇంతోటి దానికి బజారంతా తిరగడం దేనికండీ అంటే, "చూడకుండా వద్దనకూడదు కదండీ," అనేవారు.

ఆ గోనెసంచి తవుడు వాసన వేసేది. వాన పడితే గొడుగు కంటే ముందు అదే తడిసేది. తడిసిన పక్కబట్టల మీద వణుకుతూ పడుకుని తెల్లారేసరికి జ్వరం తెచ్చుకునేవారు. ఎందుకండీ ఈ బాధ అంటే ఒకటే మాట: "మనం ఆరతామండి. మందు ఆరదు."

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది, అదీ ఇంకొకరి ప్రాణం పోయాక. టీకామందు సన్నటి గాజుగొట్టాల్లో వస్తుంది. వేడి తగిలితే చచ్చిపోతుంది. చచ్చిన మందుకీ బతికిన మందుకీ కంటికి తేడా తెలియదు. అందుకని మేం గొట్టాలకి తడిగుడ్డ చుట్టి, తడి ఇసుక పోసిన చిన్న మట్టిముంతలో గుచ్చి, ఆ ముంతని సంచిలో పెట్టుకుంటాం. ఆయన గోనెసంచిని పైనుంచి తడిపేవారు. గాలి తగిలిన కొద్దీ అది మంచినీళ్ల కుండలా చల్లబడేది. ఆయన తల దూర్చి చూసేది అందుకే. తన మొహం ఉడికితే మందూ ఉడుకుతుందని ఆయన లెక్క. ఇదంతా నాకు విడమరిచి ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగీ ఎరగను. చాదస్తం అనుకుని నవ్వుకున్నాను.

చాదస్తం లేకా పోలేదు. సంచిని కూడా మీరు అనే పిలిచేవారు. పొద్దున్న భుజానికెత్తుకునే ముందు "రండి బాబూ, వెళ్దాం" అనేవారు. అరుగు మీద దింపుతూ "కూర్చోండి" అనేవారు. నడిచేటప్పుడు మాట్లాడేవారు కాదు. మైలుకోసారి మాత్రం, వెనక్కి తిరక్కుండానే, "ఉన్నారాండి?" అని అడిగేవారు. "ఉన్నానండి" అంటే "ఆయ్" అని మళ్లీ నడక. కాళ్లు పీకుతుంటే, ఎండ మాడ్చేస్తుంటే, ఆ "ఉన్నారాండి" వింటే నాకు ఒళ్లు మండేది. ఎక్కడికి పోతానండీ ఈ నీళ్లలో అనాలనిపించేది. ఇప్పుడు గట్టు మీద ఒక్కణ్ణీ నడుస్తుంటే ఆ మాట కోసం చెవులు కాచుకుని ఉంటాయి. సిగ్గులేని చెవులు.

కొల్లేటి నడిమధ్య ఒక లంక ఉంది. పేరెందుకు లెండి. ఆ ఊరివాళ్లు టీకా వేయించుకునేవారు కాదు. అమ్మవారికి కోపం వస్తుందని భయం. ఆయన మాత్రం ప్రతి ఏడూ అక్కడికి వెళ్లేవారు. రేవు దగ్గర మొదటి ఇంటి అరుగు మీద కూర్చుని, ఊరివాళ్లందరి ముందూ తన ఎడమచెయ్యి చొక్కా పైకి మడిచి తనకి తానే టీకా గీసుకునేవారు. అలా గీసుకుని గీసుకుని ఆ చెయ్యంతా మచ్చలు. "చూడండి, నేను పోయిన ఏడూ గీసుకున్నాను, ఈ ఏడూ వచ్చాను," అనేవారు. వాళ్లు చూసేవారు. చేపల పులుసు పోసి అన్నం పెట్టేవారు. పిల్లల్ని మాత్రం ముందుకి తెచ్చేవారు కాదు. ఆయన అన్నం తిని, "మళ్లీ ఏడు వస్తానండి," అని లేచేవారు.

ఆ మొదటి ఇంటావిడకి ఇద్దరు ఆడపిల్లలు. అరుగు మీద సంచి దింపగానే ఆయన ఆవిణ్ణి పిలిచి, "అమ్మాయ్, దీనికి కాస్త దాహం తీర్చమ్మా," అనేవారు. ఆవిడ ముంతతో నీళ్లు తెచ్చి గోనె మీద నాలుగు వైపులా చల్లి, చూరుకింద గాలి తగిలే చోట వేలాడదీసేది. చిన్నపిల్లకి నాలుగైదేళ్లుంటాయి. అది కూడా దోసిట్లో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, సగం తన మీదే పోసుకుని, మిగిలిన రెండు చుక్కలూ సంచి మీద విదిలించి, "తాగిందా?" అని అడిగేది. "తాగిందమ్మా, ఇంకా కావాలంటోంది," అనేవారాయన. అది మళ్లీ పరిగెత్తేది.

ఇక నా సంచి సంగతి.

నాలుగో ఏడు చలికాలంలో నేను ఇదే కొట్లో ఒక సంచి కొన్నాను. జర్మనీ యుద్ధంలో సిపాయిలకి కుట్టిన రకమని చెప్పాడు కొట్టాయన. నల్లటి మందపాటి కాన్వాసు, లోపలంతా రబ్బరు అస్తరు, ఇత్తడి బకిల్సు, భుజాలకి మెత్త కుట్టిన పట్టీలు. పక్కబట్టలూ బియ్యం గిన్నెలూ అన్నీ పెట్టాక ఇంకో మనిషి పట్టేంత చోటు మిగిలింది. ఏటిలో ముంచి తీసినా చుక్క నీరు లోపలికి దిగదు. భుజం పట్టీకి చిన్న చిరుగుందని చవగ్గా ఇచ్చేశాడు. లాటరీ తగిలినంత సంబరపడ్డాను. వీపున వేసుకుని నేరుగా గూడెం వెళ్లి ఆయనకి చూపించాను.

ఆయన చుట్టూ తిరిగి చూశారు. బకిల్సు తాకారు. "బాగుందండీ," అన్నారు. కాసేపయ్యాక, "తల పెట్టి చూశారాండి?" అన్నారు.

"బాగుంది వరస! బజార్లో అందరూ నవ్వుతారు గురువుగారూ. మీ చాదస్తం మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాను. నవ్వుతూనే అన్నాను కానీ మాట కటువుగానే వచ్చింది.

ఆయన మొహం ఎర్రబడింది. "ఆయ్, నిజమేనండి," అన్నారు. ఇంక ఆ ఊసెత్తలేదు.

మా వైపు మర్యాద అలా ఏడుస్తుంది. ఒక మాట ఒకసారి చెప్తాం. ఎదుటివాడు మొహం చిట్లిస్తే రెండోసారి చెప్పడం అంటే వాణ్ణి చిన్నబుచ్చడమే. నూతిలోకి జారుతున్నవాడికి కూడా "కాస్త చూసుకోండి" అని ఒకసారే చెప్తాం, అదీ మెల్లిగా. ఆయన పెద్దవాడు, తిట్టి చెప్పచ్చు, చెవి మెలేసి చెప్పచ్చు. చెప్పలేదు. నాకూ కుర్రతనం పోయింది, అడిగి తెలుసుకోవచ్చు. అడగలేదు. ఇద్దరం ఒకరినొకరు గౌరవించుకుని ఊరుకున్నాం.

ఆ ఏడు ఎండలు తొందరపడ్డాయి. ఆకివీడు వైపు ఒక పల్లెలో అమ్మవారు పోసిందని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే మన లంకవాళ్లు, పక్క పల్లె చూసి భయపడ్డారో, ఆ చేతి మీద మచ్చలు చూసి చూసి నమ్మారో, పిల్లలకి టీకా వేయించుకుంటామని మనిషిని పంపారు. ఆయన రోగం ఉన్న పల్లెకి వెళ్లాలి. లంకకి నన్ను వెళ్లమన్నారు.

"నాలుగేళ్లయిందండి నేను వాళ్లని అడగబట్టి," అన్నారు. ఇంకేమన్నా చెప్తారేమోనని నిలబడ్డాను. నా సంచి వైపు చూశారు. "ముంత తడి ఆరనివ్వకండి," అన్నారు.

ఆరనివ్వలేదు. ఆ పాపం మాత్రం నాది కాదు. బయల్దేరే ముందు ఇసుక నిండా నీళ్లు పోశాను, ముంతని అన్నిటికంటే అడుగున భద్రంగా పెట్టాను, పైన బట్టలు కుక్కి బకిల్సు బిగించాను. కైకలూరు వైపు రోడ్డు మీద కొంత నడక, ఆ తరవాత పైకప్పు లేని పడవ. పొద్దుట్నుంచి మధ్యాహ్నందాకా ఆ నల్లసంచి ఎండలో నా పక్కనే కూర్చుంది. నేను తువ్వాలు తలమీద వేసుకుని, ఇంత చవగ్గా ఇంత సంచి ఇంకెవరికీ దొరకలేదు కదా అని మురిసిపోతూ కునుకు తీశాను.

లంకలో అరుగు మీద బకిల్సు విప్పేసరికి లోపల్నుంచి ఆవిరి మొహాన కొట్టింది. ముంత తీశాను. గోరువెచ్చగా ఉంది. తడి ఉంది, కానీ వెచ్చటి తడి.

నాకు తెలియదని చెప్పను. ఈ మందు పనికిరాకపోవచ్చని ఆ క్షణాన నాకు తోచింది. తోచాక ఏం చేశాను? లెక్కలు వేసుకున్నాను. వెనక్కి ఏలూరు వెళ్లాలి. మద్రాసు రాయాలి. మందు వచ్చేసరికి వారం. మళ్లీ ఈ నడక, ఈ పడవ. అప్పటికే అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. ఎదురుగా ఊరి పిల్లలంతా తలంట్లు పోసుకుని, నూనె రాసి దువ్విన తలలతో వరసగా నిలబడ్డారు. ముందు మొదటింటావిడ ఇద్దరు పిల్లలూ ఉన్నారు. చిన్నది నా సంచి కేసి చూసి, "దీనికి నీళ్లొద్దా?" అని అడిగింది.

"దీనికి అక్కర్లేదమ్మా," అన్నాను. కాస్త వెచ్చబడితే ఏమవుతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకుని అందరికీ వేసేశాను. ఆ రోజు నేను చేసిన తప్పు సంచి కొనడం కాదు. అలసట. అలిసిపోయాను కాబట్టి వేసేశాను. పోయిన వారందాకా ఇది ఎవరికీ చెప్పలేదు.

టీకా పట్టిందో లేదో ఏడో రోజున వెళ్లి చూడాలి. పడితే గీసినచోట పొక్కు లేస్తుంది. ఆకివీడు వైపు పని ముగించుకుని ఆయన కూడా ఆ రోజుకి లంకకి వచ్చారు, కొత్తగా వచ్చిన మందు గోనెసంచిలో పెట్టుకుని. మేమిద్దరం ఒకే పడవ దిగాం. రేవు దగ్గర మొదటి ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అమ్మవారు పోసిన ఇంటికి కట్టే మండలు. చిన్నపిల్లకి.

ఊరంతా రేవులో పోగైంది. మిగిలిన పిల్లల చేతులు చూశాం. ఒక్క చేతి మీదా పొక్కు లేదు. నున్నగా, ఏమీ జరగనట్టే ఉన్నాయి.

ఆ ఊరి పెద్దాయన కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. కేకలు వెయ్యలేదు. మెల్లిగానే అన్నాడు: "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందండి బాబూ. నాలుగేళ్లు మీరు మమ్మల్ని బతిమాలారు. మీ మొహం చూసి ఒప్పుకున్నాం. మీరు వేశాకే తల్లి వచ్చింది. ఇంక మీరు పడవెక్కండి."

గురువుగారు నావైపు చూడలేదు. నా సంచి పట్టీ పట్టుకుని, "ఒక్కసారి ఇలా ఇప్పించండి," అన్నారు. నా వీపు మీంచి దింపారు. రెండు సంచుల్లోనూ ఉన్నవన్నీ తీసి, మందు ముంతతో సహా, అరుగు మీద నీడన పెట్టారు. ఖాళీ సంచినీ, తన గోనెసంచినీ పక్కపక్కన ఎండలో పెట్టారు. గోనె మీద తనే నీళ్లు చల్లుకున్నారు. నీళ్లు చల్లేవాళ్లు గుమ్మం లోపలే ఉండిపోయారు. సంచులకి బాగా ఎండ పట్టేదాకా అందర్నీ నిలబెట్టారు. తరవాత వంగి నా సంచిలో భుజాలదాకా తల పెట్టారు. పాట పాడలేదు.

తల తీసేసరికి మొహం నిండా చెమట. "పెద్దాయనా, తమరోసారి పెట్టి చూడండి," అన్నారు.

పెద్దాయన జంకాడు. తరవాత కర్ర ఎవరికో ఇచ్చి వంగి తల పెట్టాడు. వెంటనే బయటికి తీసి, "అబ్బో! పొయ్యండి బాబూ ఇది," అన్నాడు. తరవాత గోనెలో పెట్టాడు. అందులోంచి తల తీయడానికి కాస్త సేపు పట్టింది.

"మందు వేడికి చచ్చిపోతుందండి," అన్నారు ఆయన. "మీ పిల్లలకి వేసింది చచ్చిన మందు. వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. తల్లి మందు వల్ల రాలేదండి. మందు లేకపోవడం వల్ల వచ్చింది. తప్పు మాది."

"ఎవరిదండి ఆ నల్లసంచి?" అని గుంపులోంచి ఎవరో అడిగారు.

నేను నోరు తెరిచాను. తెరిచానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. మాట మాత్రం రాలేదు.

"మాదేనండి," అన్నారు ఆయన. "నేను పెద్దవాణ్ణి. చూసుకోవలసింది నేను. చూసుకోలేదు." రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. "మళ్లీ వెయ్యనివ్వండి. ఇంక ఆలస్యమైతే నేనేమీ చెయ్యలేనండి."

తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. కొల్లేట్లో ఎక్కడో గూడబాతులు అరుస్తున్నాయి. అప్పుడు వేపమండల గుమ్మం లోపల్నుంచి ఆ ఇంటావిడ బయటికి వచ్చింది. అమ్మవారున్న ఇంటి మనిషి నలుగురిలోకి రాకూడదు. వచ్చింది. పెద్దపిల్లని రెక్కపట్టుకుని తెచ్చి ఆయన ముందు నిలబెట్టి చెయ్యి చాపించింది. ఆ పిల్ల తరవాత ఇంకో పిల్ల వచ్చింది. తరవాత ఊరంతా వచ్చింది. ఆయన వేశారు. నేను రిజిస్టరు రాశాను. ఏం రాశానో నాకే కనబడలేదు.

పెద్దపిల్లకి టీకా పట్టింది. ఊళ్లో మిగతా పిల్లలందరికీ పట్టింది. చిన్నపిల్ల ఆ మర్నాడు పోయింది.

తిరిగొచ్చేటప్పుడు పడవలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుణ్ణు, ఏడ్చి ఊరుకుందును. గట్టెక్కి నడక మొదలుపెట్టాక, మైలు దాటాక, వెనక్కి తిరక్కుండానే, "ఉన్నారాండి?" అన్నారు.

"ఉన్నానండి," అన్నాను.

ఆ నల్లసంచి ఆయన పట్టుకుపోయారు. వాళ్లావిడ బియ్యం పోసుకుందట. "బియ్యానికి చాలా బాగుందండీ. పురుగు పట్టదు," అని తరవాతెప్పుడో చెప్పారు. నా మనసు కష్టపెట్టకుండా ఆ సంచిని మెచ్చుకోవాలని ఆయన అవస్థ.

ఆ తరవాత ఇంకో నాలుగేళ్లు కలిసి తిరిగాం. నేను పల్చటి గుడ్డసంచులే కొని, ముంతని అన్నిటికంటే పైన పెట్టుకునేవాణ్ణి. ఆయన రిటైరైన రోజున గూడెం స్టేషనులో నన్ను రైలెక్కించడానికి వచ్చారు. చెప్పాలనుకున్నాను. ముంత వెచ్చగా తగిలిందనీ, తెలిసే వేశాననీ చెప్పి, ఆ బరువు దింపుకోవాలనుకున్నాను. "గురువుగారూ, ఆ రోజు లంకలో..." అని మొదలుపెట్టాను.

"బండి కదులుతుందండి, ఎక్కండి," అన్నారు. కదల్లేదు. ఇంకా చాలాసేపు ఆగింది. ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకున్నాం. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

కొట్టాయన ఇచ్చిన మంచినీళ్లు తాగి లేచాను. నాలుగు సంచుల్లోంచి ఒకటి తీసుకుని, "ఒక్క నిమిషమండి, ఏమీ అనుకోకండి," అని భుజాలదాకా తల దూర్చాను. లోపల చీకటి, కొత్తగుడ్డ వాసన. నాకు చర్చి పాటలు రావు. ఊరికే ఊపిరి పీలుస్తూ నిలబడ్డాను. బయట ఎవరో నవ్వడం వినిపించింది. ఆ చీకట్లో నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి అది మంచి చోటే. తల తీసి, చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకుని, "ఉడికిస్తుందండి," అన్నాను. కొట్టాయన నవ్వలేదు. "ఆయ్," అన్నాడు. గూడెం వెళ్లి మిల్లు దగ్గర రెండు గోనెలు తెచ్చుకుని నవారు పట్టీలు కుట్టించుకున్నాను.

పోయిన వారం ఆ లంకకి వెళ్లాను. మొదటి ఇంటి అరుగు మీద సంచి దింపాను. ఆవిడ బయటికి వచ్చింది. జుట్టు నెరిసింది. పెద్దపిల్ల చంకలో తన బిడ్డని ఎత్తుకుని వెనక నిలబడింది.

"పెద్దబాబుగారు కులాసానాండి?" అని అడిగింది.

"పోయారమ్మా."

ఆవిడ గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుంది. నీళ్ల వైపు చూసింది. ఇప్పుడు కూడా చెప్పకపోతే ఇంక చెప్పడానికి ఎవరూ మిగలరని నాకు భయం వేసింది.

"అమ్మా, ఆ రోజు ఆ నల్లసంచి ఆయనది కాదు. నాది," అన్నాను. "ముంత వెచ్చగా తగిలింది. తెలిసే వేశాను."

ఆవిడ నావైపు తిరిగింది.

"సంచి తమరిదేనని తెలుసండి," అంది. "ఆయన సంచి ప్రతి ఏడూ తడిపేది నేనే కదండీ." గుమ్మం మీంచి చెయ్యి తీసి, "రెండోది తెలవదండి," అంది.

లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను రిజిస్టరు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంక బయటికి రాదనుకున్నాను. ముంతతో నీళ్లు తెచ్చింది. నా గోనెసంచి మీద నాలుగు వైపులా చల్లి, చూరుకింద గాలి తగిలే చోట వేలాడదీసింది. తరవాత మనవడి చొక్కా చెయ్యి పైకి మడిచి, వాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"ముందు ముంత చూసుకోండి బాబుగారూ," అంది.

చూశాను. చల్లగా ఉంది.